గుమ్మం మీది రాయి

మా తాతయ్య ఇంటికి నిన్న సున్నం వేయిస్తుంటే, గుమ్మం పైనున్న రాతిపలకను నేనే తుడిచాను. పాత సున్నం పొరలను గోటితో గీకితే ఒక్కో అక్షరం బయటపడింది: 'ఎబెనెజరు'. చివరి 'రు' కొమ్ము విరిగిపోయి ఉంది.

చిన్నప్పుడు అది ఎవరో పెద్దాయన పేరనుకునేదాన్ని. కానీ అది మొదట మనిషి పేరే కాదు. హీబ్రూలో 'ఎబెన్' అంటే రాయి, 'ఎజెర్' అంటే సహాయం. బైబిల్లో, ఇశ్రాయేలీయులు తమ శత్రువులైన ఫిలిష్తీయుల మీద గెలిచాక సమూయేలు ప్రవక్త మిస్పాకూ షేనుకూ మధ్య ఒక రాయి నిలబెట్టి, దేవుడు ఇంతవరకు సహాయం చేశాడంటూ పెట్టిన పేరది. నన్ను ఎక్కువ కదిలించేది ఇంకొకటి. అంతకుముందు ఇశ్రాయేలీయులు ఘోరంగా ఓడి, దేవుడి ఆజ్ఞల పలకలుండే పవిత్రమైన పెట్టెను, అంటే మందసాన్ని, పోగొట్టుకున్న యుద్ధంలో వాళ్లు దిగిన చోటు పేరు కూడా ఎబెనెజరే!

తర్వాత ఇంగ్లండులో ప్యూరిటన్లనే నిష్ఠగల క్రైస్తవులు ఆ పేరును పిల్లలకు పెట్టుకున్నారు. వేల్స్‌లో ప్రార్థనా మందిరాలకు పెట్టారు. 1863లో ఫుట్‌బాల్ నియమాల ముసాయిదా రాసిన మోర్లీ, 1898లో ఉద్యాన నగరాల గురించి పుస్తకం తెచ్చిన హోవర్డ్, ఇద్దరూ ఎబెనెజర్లే. 1843లో ఆంగ్ల రచయిత డికెన్స్ తన కథలోని పిసినారి స్క్రూజ్‌కీ అదే పేరు పెట్టాడు.

మన ఊళ్లలో మందిరాలకీ, ఇళ్లకీ, మనుషులకీ ఉంది. తాతయ్యకు ఈ ఇల్లు కట్టడానికి పదకొండేళ్లు పట్టిందట, చేతిలో డబ్బున్నప్పుడల్లా ఒక గోడ. "పలక ఎక్కించిన రోజు మీ తాత దాని కిందే నిలబడి ఏడ్చాడే" అంది అమ్మమ్మ.

అక్షరాల్లో నల్లరంగు నేనే దిద్దాను. పలక మీద మాత్రం సున్నం పడనివ్వలేదు.