అసెంట్ పడేదాకా అది బిల్లే

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ పాలిటీ చదువుతుంటే నాకు బాగా పట్టేసిన ఇంగ్లిష్ మాట అసెంట్, అంటే సభ పాస్ చేసిన బిల్లు చట్టం కావడానికి గవర్నరో రాష్ట్రపతో ఇచ్చే సమ్మతి. మన పేపర్లలో అసెంబ్లీ బిల్లు పాస్ చేసినా ఆమోదం అనే రాస్తారు, గవర్నర్ సంతకం పెట్టినా ఆమోదమే, రాష్ట్రపతి దాకా వెళ్తే మహా అయితే ఆమోదముద్ర అంటారు. దాంతో సభలో పాసైంది కదా, ఇంక చట్టం వచ్చేసినట్టే అనుకుంటారు చాలామంది.

రాష్ట్ర విభజననే తీసుకోండి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ పాస్ చేశాయి, ఆ రోజుల్లో టీవీలకి అతుక్కుపోని ఇల్లు లేదు, ఆ తేదీలు అందరికీ గుర్తే. కానీ గెజిట్ తీసి చూస్తే పైన ఉండేది ఆ తేదీలు కాదు, పార్లమెంట్ చేసిన ఈ కింది చట్టానికి మార్చి 1న రాష్ట్రపతి అసెంట్ వచ్చింది అని ఒక్క వాక్యం. బిల్లు చట్టమైన రోజు అదన్నమాట. అపాయింటెడ్ డే, అంటే విభజన అమల్లోకొచ్చే రోజు, వేరేగా జూన్ 2 అని నోటిఫై చేశారు కాబట్టి తెలంగాణ ఏర్పడింది ఆ రోజు.

రాష్ట్ర బిల్లులకి రాజ్యాంగంలో 200వ అధికరణ. గవర్నర్ అసెంట్ ఇవ్వచ్చు, రాష్ట్రపతికి పంపచ్చు, మనీ బిల్లు (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు) కాకపోతే అసెంట్ ఆపి సభకి తిప్పి పంపచ్చు, సభ మళ్ళీ పాస్ చేసి పంపితే మాత్రం ఇక అసెంట్ ఆపడానికి లేదు. ఇదంతా బానే ఉంది గానీ ఎన్ని రోజుల్లో తేల్చాలో ఎక్కడా లేదు, గొడవంతా అక్కడే. రాష్ట్రపతికీ అంతే, 1986 నాటి పోస్టాఫీసు సవరణ బిల్లుని అప్పటి రాష్ట్రపతి జైల్ సింగ్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, అలా ఉంచేశారు. 2023లో గవర్నర్ దగ్గర పెండింగ్‌లో ఉన్న బిల్లుల కోసం తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. 2025 ఏప్రిల్‌లో ఇలాంటిదే తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు గడువులు పెట్టి, 10 బిల్లులకి అసెంట్ వచ్చినట్టే అంది, హమ్మయ్య అనుకున్నా. నవంబర్‌లో ఐదుగురు జడ్జీల బెంచ్ అలా గడువులు పెట్టడం, అసెంట్ వచ్చినట్టే అనుకోవడం రెండూ కుదరవంది, మరీ కారణం లేకుండా నాన్చితే మాత్రం కోర్టు పరిమితంగా జోక్యం చేసుకోవచ్చంది.

నాకైతే ఇది చాలదు. జనం ఓటేసి పంపినవాళ్ళు చేసిన బిల్లు నెలల తరబడి ఒక టేబుల్ మీద పడుంటే ఎందుకాగిందో జనానికి చెప్పాలి, అందుకు గడువు రాజ్యాంగంలోనే రాయాలి, కోర్టు కుదరదన్నాక పార్లమెంటే సవరణ తేవాలి.