అంకణాల లెక్క

సింగపూరులో పాత ఫ్లాట్లను బాగుచేయించే సూపర్‌వైజరు పనిలో ఉన్న నాకు, ఏ ఇంట్లో అడుగుపెట్టినా మనసు ముందుగా అంకణాల్లోనే లెక్క కడుతుంది. మాది కావలి పక్కన పల్లె. నెల్లూరు జిల్లాలో అంకణమంటే 72 చదరపు అడుగులు. ఇంటి విషయంలో ఆ మాటకు రెండు దూలాల నడుమ ఉన్న చోటని అర్థం. మా తాతగారి మిద్దెను ఊళ్లో ఐదంకణాల ఇల్లనే అనేవారు.

ఇక్కడ 1980లలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన నాలుగు గదుల ఫ్లాటు సుమారు 105 చదరపు మీటర్లు, అంటే దాదాపు 16 అంకణాలు. ఇప్పటిది 93 దగ్గర ఆగుతుంది, 14 అంకణాలు. (నాలుగింటిలో పడకగదులు మూడే, హాలు కూడా లెక్కలోకి వస్తుందని తెలియక వచ్చిన కొత్తలో ఒక అంచనా తప్పు వేసి చీవాట్లు తిన్నాను.) ఆ తగ్గిన చోటులోనే, 1990ల చివరి నుంచి కొత్త ఫ్లాట్లలో మందపాటి కాంక్రీటు గోడలూ ఉక్కు తలుపూ ఉన్న రక్షణ గది ఒకటి తప్పనిసరి అయింది. దాని గోడ కూలగొట్టకూడదు. యుద్ధం వస్తే తలదాచుకోవలసిన ఆ గదిలో మనవాళ్లు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు పెట్టుకుంటున్నారు.

పాత ఫ్లాట్లలో వంటగది వెనకవైపు, స్నానాల గది దానిని ఆనుకొని ఉంటాయి. తడిపని అంతా వెనకే జరిగే ఆ పద్ధతి మా దొడ్డివైపును గుర్తుకు తెస్తుంది. ఇప్పుడు చాలామంది వంటగది గోడ తీసి హాల్లో కలిపేయమంటారు. విశాలంగా కనిపించే మాట నిజమే కానీ, తాలింపు ఘాటు సోఫా దాకా వస్తుంది.

మొన్న నెల్లూరులో కట్టబోయే ఇంటి ప్లానును తమ్ముడు వాట్సాప్‌లో పంపాడు. అచ్చంగా ఇక్కడి కొత్త ఫ్లాటే: వాకిలి తెరిస్తే సోఫా, దాని వెనకే పొయ్యి. పాత మిద్దెలో బేరానికి వచ్చినవాడు అరుగు మీద, ఊరివాడు పంచలో, చుట్టం నట్టింట్లో కూర్చునేవారు; ఎవరిని ఎక్కడిదాకా రానివ్వాలో ఇల్లే చూసుకునేది. పద్నాలుగో అంతస్తులో అరుగుకు చోటు లేకపోవడం అర్థమవుతుంది, సొంత నేల మీద ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు.

అమ్మ మాత్రం ప్లాను చూసి ఒక్క మాటే అడిగింది: "నాయనా, వంటింట్లోనుంచి దొడ్లోకి వాకిలేదీ?"

ఆ గోడ మీద ఎర్రగీతతో తలుపు గీసి, ముందువైపు ఒకటిన్నర అంకణం పంచకు వదిలి, ప్లాను తిరిగి పంపాను.