వేమన పద్యాలకు ట్యాగులు వేస్తూ

పేజీలో పద్యం బోల్డుగా, తాత్పర్యం చిన్నక్షరాల్లో ఉంటే చదివేవాళ్లకు చాలు. అదే పుస్తకం రేపు ఈ-బుక్ కావాలంటే ఏది పద్యమో, ఏది తాత్పర్యమో ఫైల్లోనే రాసి ఉండాలి. అందుకే వేమన పద్యాల పుస్తకానికి పేజీలు కట్టేటప్పుడే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌ఎంఎల్ ట్యాగులు, అంటే ఏ భాగం ఏమిటో చెప్పే గుర్తులు, వేస్తున్నాను. నాకు తెలిసిన డీటీపీ వాళ్లలో ఆ ట్యాగుల వరుస కనబడే స్ట్రక్చర్ పేన్ తెరిచేవాళ్లు తక్కువ. అది నాకు బాధగానే ఉంటుంది.

ముందు డీటీడీ, అంటే ఏ ట్యాగు తర్వాత ఏది రావాలో చెప్పే నియమాల ఫైలు, రాసుకోవాలి. ఒక్కో పాఠంలో పద్యం, ప్రతిపదార్థం, తాత్పర్యం ఇదే వరుసలో రావాలి, వాటి మధ్య కామాలు పెడితే అర్థం అదే. విశేషాలు కొన్ని పద్యాలకే ఉంటాయి కాబట్టి దాని పక్కన ప్రశ్నార్థకం. ఇన్‌డిజైన్ డీటీడీని మాత్రమే ఒప్పుకుంటుంది, అలాంటి నియమాలే రాసే మరో రకం, స్కీమా ఫైలు, పనికిరాదు. డీటీడీలో ఏదైనా మార్చాలంటే బయట దిద్దుకుని, పాతది తీసేసి మళ్లీ లోడ్ చేయాల్సిందే.

పేరా స్టైళ్లు సరిగ్గా వేసి ఉంటే 'మ్యాప్ స్టైల్స్ టు ట్యాగ్స్' ఒక్కో స్టైలు పేరాకు దాని ట్యాగు వేసి చాలా పని చేసిపెడుతుంది. అయితే పాఠం మొత్తాన్ని చుట్టే ట్యాగు అది వేయదు. ఆ భాగమంతా సెలెక్ట్ చేసి, ట్యాగ్స్ ప్యానెల్లో 'యాడ్ ట్యాగ్' ఉంచి మనమే వేయాలి.

అసలు చిక్కు ఆటవెలదితో. నాలుగు పాదాలు. పాదం చివర ఎంటర్ కొడితే నాలుగు పేరాలవుతాయి, ఒక్కో పేరాకు ఒక్కో పద్యం ట్యాగు పడుతుంది. పేజీలో తేడా ఏమీ కనబడదు. స్ట్రక్చర్ పేన్‌లో మెరుపు గుర్తు నొక్కి వాలిడేట్ చేస్తే, అంటే డీటీడీతో సరిచూస్తే, మాత్రం ఎర్రగా పట్టేస్తుంది: ఒక పద్యం ఉండాల్సిన చోట నాలుగున్నాయని. షిఫ్ట్-ఎంటర్‌తో పాదాలు విరిస్తే పద్యం ఒకే పేరాగా నిలుస్తుంది. పద్యాల మధ్య అలంకారానికి టైపు చేసే చుక్కల సంగతీ ఇంతే. అవి ఏ ట్యాగులోనూ లేని అక్షరాలు కాబట్టి ఆ చోట అక్షరాలు ఉండకూడదని వాలిడేషన్ అభ్యంతరం చెబుతుంది. ఆ చుక్కలు తీసేసి, స్టైల్లోనే పేరా రూల్, అంటే పేరాతోపాటు వచ్చే గీత, పెట్టేశాను. పేజీకి అందమూ తగ్గలేదు.

పుస్తకమంతా అయ్యాక ఒకేసారి వాలిడేట్ చేయడం నాకు నచ్చదు. ఒక పాఠం ఎలిమెంట్ (ట్యాగు వేసిన భాగం) ఎంచుకుని అక్కడినుంచే చేయొచ్చు. తొలి పాఠం శుభ్రంగా వచ్చాకే రెండోదానికి వెళ్తాను.

వాలిడేషన్‌కు అందనిది ఒకటుంది. పాత పేజ్‌మేకర్ ఫైళ్లలోని అను ఫాంట్ల అక్షరాలు యూనికోడ్ కావు. ఫాంటు తీసేస్తే మిగిలేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. ట్యాగుల వరుస బాగుంటే ఆ కలగాపులగాన్నే సరైన పద్యమని వాలిడేషన్ పాస్ చేసేస్తుంది. అందుకని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ అరసున్నలూ కంటితో చూసుకున్నాకే ట్యాగుల జోలికి వెళ్లాలి.

ఇక వ్యాఖ్యలు. స్ట్రక్చర్ పేన్‌లో ఏ ఎలిమెంట్‌కైనా కామెంట్ జోడించవచ్చు. అది పేజీలో కనబడదు, పాఠం వరుసనూ చెడగొట్టదు. పాఠాంతరం (వేరే ప్రతిలో వేరే మాట) ఉన్న పద్యాల దగ్గర 'సంపాదకులు ఈ పాఠమే ఉంచమన్నారు, దిద్దవద్దు' అని రాసి పెడుతున్నాను. మలిముద్రణకు ఈ ఫైలు తెరిచే ఆపరేటర్ ఎవరైనా, వేమన మాట మార్చేముందు అది చదువుకుంటారు.