కీ సరైనదే, సర్వరే ఒప్పుకోలేదు

నిన్న రాత్రి మా సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వెళ్లబోతే, పాస్‌వర్డ్‌కు బదులుగా వాడే, గంట క్రితం వరకు చక్కగా పనిచేసిన కీ ఫైల్‌నే 'పర్మిషన్ డినైడ్' అంటూ తిరస్కరించింది. సమాధానం వచ్చింది కనుక సర్వర్ వరకు నెట్‌వర్క్ దారి సరిగ్గానే ఉందన్నమాట. 'టైమ్డ్ అవుట్' అని వస్తే ముందు ఫైర్‌వాల్‌ను, అడ్రస్‌ను చూడాలి. 'రిఫ్యూజ్డ్' అంటే సాధారణంగా ఎస్‌ఎస్‌హెచ్ కోసం 22వ పోర్టులో వినే ప్రోగ్రామ్ నడవడం లేదని అర్థం.

ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌కు, జరిగేదంతా వివరంగా చూపించే మైనస్ వి (-v) జోడించి చూస్తే నా కంప్యూటర్ సరైన కీనే పంపుతోందని తేలింది. వెంటనే కొత్త కీ తయారు చేద్దామనిపించినా ఆగి, హోస్టింగ్ వారి వెబ్ కన్సోల్ నుంచి లోపలికి వెళ్లి, సర్వర్ తన పనులను నమోదు చేసుకునే లాగ్ తెరిచాను. కారణం చివరి వరుసలోనే ఉంది: హోమ్ డైరెక్టరీ (సర్వర్‌లో నా ఖాతాకు చెందిన ఫోల్డర్) అనుమతులు సరిగా లేవట. ఒక ఫైల్ అప్‌లోడ్ కావడం లేదని ఆ గంటలోనే ఆ డైరెక్టరీకి 777, అంటే ఎవరైనా చదవగలిగే, రాయగలిగే అనుమతి, ఇచ్చింది నేనే. ఎవరైనా రాయగలిగే డైరెక్టరీలో ఉన్న, ఏ కీలను లోపలికి రానివ్వాలో చెప్పే జాబితాను సర్వర్ నమ్మదు, నమ్మకూడదు కూడా. అలా నమ్మితే అదే యంత్రంలోని మరొకరు తమ కీని అందులో చేర్చి నా పేరుతో లోపలికి రాగలరు.

హోమ్‌కు 755 (రాయగలిగేది నేనే, మిగతావారు చూడగలరు), కీల జాబితా ఉండే డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, ఆ జాబితాకు 600 (ఈ రెండూ నాకు మాత్రమే) ఇవ్వగానే లాగిన్ అయింది. ఇకపై అనుమతులు గానీ సెట్టింగులు గానీ మార్చినప్పుడు, మరో విండోలో లాగిన్ అయి చూసుకునే వరకు పాత సెషన్‌ను మూయను.