ఎవరి కార్డు వాళ్ళే చెప్పాలి

మా నాన్న రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. సికింద్రాబాద్ కంట్రోల్ ఆఫీసులో కూర్చుని, ఏ బండి ఏ స్టేషన్‌ని ఎన్నింటికి దాటిందో చార్టు మీద పెన్సిల్‌తో గీసే ఉద్యోగం. పోయిన వానాకాలం ఆయన మళ్ళీ అలాంటి చార్టు ఒకటి గీశారు. తార్నాకలో మా డైనింగ్ టేబుల్ మీద, పాత క్యాలెండర్ కాగితం వెనక. ఈసారి ఆ గీతలు బండ్లవి కావు. 1921లో ఫ్రాన్స్‌లో ఒక మానసిక రోగుల ఆసుపత్రిలో తిరుగుతున్న మా నలుగురివి.

ఆట పేరు టైమ్ స్టోరీస్, అందరూ ఒకే జట్టుగా ఆడే బోర్డు గేమ్. మాన్యుయెల్ రోజోయ్ తయారుచేశాడు, 2015లో స్పేస్ కౌబాయ్స్ అనే ఫ్రెంచి సంస్థ విడుదల చేసింది. భవిష్యత్తులో ఒక ఏజెన్సీ ఉంటుంది. కాలంలో ఎక్కడైనా తేడా రాబోతోందని తెలిస్తే అక్కడికి ఏజెంట్లను పంపుతుంది. మనుషులు వెళ్ళరు, మనసులు మాత్రమే వెళ్ళి ఆ కాలంలోని ఎవరి ఒంట్లోనో దూరతాయి. నేను ఇది చెప్పడానికి చాలాసేపు తంటాలు పడుతుంటే అమ్మ, "పరకాయ ప్రవేశమే కదా" అంది. ఇంక వివరించాల్సిన పని లేకపోయింది.

పెట్టె కొత్తది కాదు. కొండాపూర్‌లో ఒకబ్బాయి దగ్గర పాతది కొన్నాను. ఈ ఆటలో ఒక కథ ఒకసారే, గుట్టు తెలిశాక మళ్ళీ ఆడలేం. కానీ దేన్నీ చింపక్కర్లేదు, కత్తిరించక్కర్లేదు. కార్డులు వరసలో పేర్చి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఎగ్జిట్ అనే పజిల్ ఆటల్లో అయితే కాగితాలు మడిచి, కోసి పారేయాలి. నాకు అది మనసొప్పదు.

అసలు సంగతికొస్తాను. అంతకుముందు మా ఇంట్లో పాండెమిక్ అనే బోర్డు గేమ్ ఆడేవాళ్ళం. అదీ అందరూ ఒక జట్టే. కానీ అందులో చేతిలో కార్డులతో సహా అన్నీ అందరికీ కనిపిస్తాయి. కాబట్టి కాస్త ఆట తెలిసినవాళ్ళే అందరి బదులూ ఆలోచించేస్తారు. మా ఇంట్లో ఆ మనిషిని నేను. "అమ్మా, నువ్వు ఇక్కడికి వెళ్ళు. నాన్నా, మీరు ఆ కార్డు తమ్ముడికి ఇవ్వండి." రెండో ఆదివారానికే అమ్మ, "నువ్వే ఆడుకో, నేను పప్పు చూసొస్తా" అని లేచిపోయింది. తప్పు నాదే.

టైమ్ స్టోరీస్‌లో ఆ పప్పులుడకవు. ఒక చోటికి వెళ్ళగానే నాలుగైదు కార్డులు పక్కపక్కన పేరుస్తాం. అన్నీ కలిపి చూస్తే ఒకే పెద్ద గది బొమ్మ. తలా ఒక మూలకి వెళ్ళి, ఆ కార్డు తిప్పి వెనకున్నది మనసులో చదువుకోవాలి. పక్కవాళ్ళకి చూపించకూడదు, ఉన్నదున్నట్టు పైకి చదవకూడదు. సొంత మాటల్లోనే చెప్పాలి.

అమ్మకి ఇంగ్లీషు చదవడం వచ్చు, కానీ నెమ్మది. అక్షరాల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతుంది. మొదటి గదిలోనే నేను అలవాటు కొద్దీ ఆవిడ చేతిలో కార్డు అందుకోబోయాను. తమ్ముడు నా చేతి మీద ఒక్కటిచ్చి, "రూల్ ఉందక్కా" అన్నాడు. ఆగాను. ఒక నిమిషం పట్టిందేమో. అమ్మ కార్డు బోర్లా పెట్టి మొదలుపెట్టింది.

నేను చెప్పేటప్పుడు ఆఫీసులో బగ్ రిపోర్టు రాసినట్టు చెబుతాను: ఫలానా మనిషి, ఫలానా మాట, అయిపోయింది. అమ్మ అలా కాదు. పెళ్ళికి వెళ్ళొచ్చి చెప్పినట్టు చెబుతుంది. ఎవరెవరున్నారు, ఏం కట్టుకున్నారు, ఎవరి మొహం ఎలా ఉంది, మాట్లాడేటప్పుడు చూపు ఎటుంది. సగం కార్డు వెనక రాసింది, సగం బొమ్మలో చూసింది. ఆవిడ చెబుతూ చెబుతూ చివర్లో ఒక చిన్న వస్తువు గురించి అంటే నాన్న పెన్సిల్ ఆపి, "ఏదీ, ఆ చివరిది మళ్ళీ చెప్పు" అన్నారు. ఆ వస్తువేంటో ఇక్కడ రాయను, ఆడబోయేవాళ్ళ సరదా పోతుంది. మేం రెండు గదుల ముందు చిక్కుబడి ఉన్న ముడి దానితోనే విడింది. ఆ కార్డు నాకు పడి ఉంటే ఆ మాట చెప్పేదాన్నే కాదు.

ఇక చార్టు. ఈ ఆటలో డబ్బు, ప్రాణం కన్నా టైమే ముఖ్యం. ఏ పని చేసినా ఒక యూనిట్ పోతుంది. కొత్త చోటికి వెళ్ళడానికి ఎంత పడుతుందో పాచిక చెబుతుంది. యూనిట్లు అయిపోతే అందర్నీ వెనక్కి లాగేస్తారు, కథ మళ్ళీ మొదటినుంచి. మిగిలేది మనం నేర్చుకున్నది మాత్రమే. మొదటిసారి మాకు అదే జరిగింది. సరిగ్గా అప్పుడే వానకి కరెంటు కూడా పోయింది. ఇన్వర్టర్ వెలుగులో నాన్న క్యాలెండర్ కాగితం తెచ్చి పైన టైమ్, పక్కన గదులు వేసి, నలుగురికీ నాలుగు రంగుల్లో గీతలు లాగారు. "ఇక్కడ చూడు, ముగ్గురం ఒకే మూలకి వెళ్ళాం, ఒక్కరు చాలు. ఇక్కడ రెండు యూనిట్లు లూప్ లైన్‌లో బండి పెట్టినట్టు ఊరికే నిలబడ్డాం." ఉద్యోగం సంగతులు ఇంట్లో ఎప్పుడూ చెప్పని మనిషి ఆ రాత్రి పదకొండు దాకా క్రాసింగులు, ప్రిసిడెన్సులు, అంటే ఏ బండిని ఆపి దేన్ని ముందు పంపాలో చెబుతూనే ఉన్నారు. రెండోసారి ఆ చార్టు ప్రకారమే నడిచాం, నాలుగు యూనిట్లు ఉండగానే కేసు ముగించాం.

మాదాపూర్‌లో ఆఫీసు వాళ్ళతో క్రానికల్స్ ఆఫ్ క్రైమ్ 2400 కూడా ఆడాను. భవిష్యత్తులోని పారిస్‌లో కేసులు. కార్డు మీది క్యూఆర్ కోడ్ ఫోన్‌తో స్కాన్ చేస్తే మనుషులు జవాబిస్తారు. బాగుంది, కానీ ఫోన్ ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్ళదే. నాకు నచ్చింది ఒక్క ఘట్టమే: ఒకరు ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ నేరం జరిగిన చోట ఏముందో నోటితో చెబుతుంటే, మిగతావాళ్ళు విని కార్డులు ఏరాలి.

పెట్టె ఇప్పుడు రెండో అంతస్తు వాళ్ళ దగ్గరుంది. మెట్ల మీద కనిపించినప్పుడల్లా నాన్నని చిన్న హింట్ అడుగుతారు, ఆయన చెప్పరు. ఆ చార్టు నాలుగు మడతలు పెట్టి బీరువాలో దాచారు. తర్వాతి కథ మార్సీ కేస్, 1992 అమెరికా, కార్డులు వచ్చి టీవీ పక్కన ఉన్నాయి. పెట్టె తిరిగొస్తే గానీ ఆడలేం. నాన్న కొత్త కాగితం మీద టైమ్ గళ్ళు ముందే గీసి పెట్టుకున్నారు. పక్కన స్టేషన్ల పేర్లు రాసే చోటు మాత్రం ఖాళీగా ఉంది.