తొలి ప్రాంతీయ విమాన సంస్థను ఎలా ఎంచుకోవాలి: ఏటీఆర్ ఫస్ట్ ఆఫీసర్‌గా నా ప్రిపరేషన్ అనుభవాలు

కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికొచ్చి, విమాన సంస్థల పిలుపు కోసం ఎదురుచూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 200 గంటలు ఎగిరారు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పేపర్లన్నీ 70 శాతం గీత దాటి గట్టెక్కారు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, మల్టీ ఇంజన్ రేటింగ్ కూడా వచ్చేశాయి. ఇక ఎవరు ముందు పిలిస్తే వాళ్ల దగ్గర చేరిపోవడమే అనే మాట మన గ్రూపుల్లో తరచూ వినిపిస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టి చదివినవాళ్లకు ఆ తొందర ఉండటం సహజం. అయినా నేను గట్టిగా నమ్మేది ఇది: ఏ సంస్థలో, ఎందుకు చేరాలో పిలుపు రాకముందే తేల్చుకున్నవాళ్లు సెలక్షన్‌లో కూడా ముందుంటారు. సంస్థను అర్థం చేసుకోవడానికి చేసే చదువు, ఎంపిక పరీక్షకు చేసే చదువు చాలావరకు ఒకటే.

ముందు రంగం ఎలా ఉందో చూద్దాం. చిన్న నగరాలను కలిపే విమానాల్లో మన దేశంలో పెద్ద వాటా రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72-600లదే. ఇండిగో దగ్గర అవి 40కి పైగా ఉన్నాయి. ప్రభుత్వ సంస్థ అలయన్స్ ఎయిర్, 2024 మార్చిలో గోవా నుంచి మొదలైన ఫ్లై91 కూడా వీటినే నడుపుతున్నాయి. అలయన్స్ దగ్గర చిన్నవైన ఏటీఆర్ 42లు, డోర్నియర్ 228లు కూడా ఉన్నాయి. స్టార్ ఎయిర్ ఎంబ్రాయర్ జెట్లు నడుపుతుంది. ఇండియావన్ ఎయిర్ తొమ్మిది మంది కూర్చునే, ఒకే ఇంజనున్న సెస్నా కారవాన్లు నడుపుతుంది. వీటిలో దేని మీద టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేస్తారన్నది మీ తర్వాతి పదేళ్లను చాలావరకు నిర్ణయిస్తుంది.

మన ప్రాంతంలోనే దీనికి చూడదగిన చరిత్ర ఉంది. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబర్‌లో మొదలైన ఎయిర్ కోస్టా ఎంబ్రాయర్ 170, 190 జెట్లు నడిపి, 2017 ఫిబ్రవరి ఆఖరున ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి 2015 జూలైలో మొదలైన ట్రూజెట్ ఏటీఆర్‌లు నడిపి, 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. రెండూ మూతపడ్డాయి. కానీ రెండింటి పైలట్లకు మిగిలిన దారులు ఒకటి కావు. ఆ రోజుల్లో ఎంబ్రాయర్ ఇ-జెట్లు నడిపే మరో షెడ్యూల్డ్ సంస్థ దేశంలో లేదు. ఏటీఆర్ రేటింగ్ ఉన్నవాళ్లకు మాత్రం తలుపు తట్టడానికి వేరే సంస్థలు ఉన్నాయి. అందుకే నేను వేసుకున్న మొదటి ప్రశ్న ఇది: ఈ సంస్థ రేపు ఆగిపోతే, నా రేటింగ్‌కు ఇదే దేశంలో ఇంకెక్కడ పని దొరుకుతుంది? మరొక జెట్ సంస్థ పేరు ఆకర్షణీయంగా ఉన్నా, నేను ఏటీఆర్ వైపు మొగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

సంస్థ ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోండి. చిన్న నగరాలకు విమానాలు నడిపించే ప్రభుత్వ ఉడాన్ పథకం కింద తొలి విమానాలు 2017 ఏప్రిల్ 27న ఎగిరాయి. సిమ్లా–ఢిల్లీతో పాటు ఆ రోజు మొదలైనవాటిలో కడప–హైదరాబాద్ కూడా ఉంది. ఈ పథకంలో కొన్ని సీట్ల ధరకు పరిమితి ఉంటుంది, ఆ లోటును ప్రభుత్వం పూడుస్తుంది. అయితే ఆ సాయం మూడేళ్లకే. ఆ తర్వాత ఆ మార్గం సొంత కాళ్ల మీద నిలబడాలి. కాబట్టి సంస్థ నడిపే మార్గాల్లో ఎన్ని ఈ సాయం మీద ఆధారపడ్డాయో, వాటి గడువు ఎప్పుడు ముగుస్తుందో వార్తల్లో వెతికి రాసుకున్నాను. మార్గాలు తగ్గితే మొదట తగ్గేది కొత్త ఫస్ట్ ఆఫీసర్ల (కో-పైలట్ల) ఎగిరే గంటలే.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. టైప్ రేటింగ్ పూర్తయిన రోజున మీరు లైన్ పైలట్ అయిపోరు. ఆ తర్వాత ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని ప్రయాణికులతో ఎగరాలి, నిర్ణీత సెక్టార్లు (ఒక టేకాఫ్ నుంచి ల్యాండింగ్ వరకు ఒక సెక్టార్) పూర్తి చేయాలి, చివరగా ట్రైనింగ్ కెప్టెన్ లేకుండా ఎగరడానికి అనుమతించే రిలీజ్ చెక్ దాటాలి. చిన్న సంస్థల్లో చాలామంది కొత్తవాళ్లు నెలల తరబడి ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. విమానాలు నాలుగైదే ఉండి, అందులో ఒకటి ఇంజన్ మరమ్మతుకు వెళ్లి, నేర్పే కెప్టెన్లు ఇద్దరే ఉంటే, వరసలో ఎనిమిదో మనిషికి సెక్టార్లు ఎక్కడి నుంచి వస్తాయి? సిమ్యులేటర్‌లో నేర్చుకున్నది చేతిలో తాజాగా ఉన్నప్పుడే విమానం ఎక్కాలి. విరామం పెరిగేకొద్దీ మళ్లీ సిమ్యులేటర్‌కు వెళ్లాల్సి రావచ్చు. నమ్మకమూ సడలుతుంది.

అందుకే నేను ప్రతి సంస్థ గురించి మూడు సంగతులు అడిగాను. లైన్ ట్రైనింగ్ ఇచ్చే కెప్టెన్లు ఎంతమంది? రిలీజ్ కోసం వరసలో ఎంతమంది ఉన్నారు? కిందటి బ్యాచ్‌కు టైప్ రేటింగ్ నుంచి రిలీజ్ వరకు ఎంత కాలం పట్టింది? నియామక విభాగం వాళ్లు మర్యాదగా జవాబిస్తారు కానీ లెక్కలు చెప్పరు. అసలు జవాబు ఆ సంస్థలో చేరి ఏడాది దాటని ఫస్ట్ ఆఫీసర్ల దగ్గర దొరుకుతుంది. మీ ఫ్లయింగ్ స్కూల్ సీనియర్ల ద్వారా అలాంటివాళ్లను ఇద్దరిని పట్టుకోండి. "అన్నా, మీ రోస్టర్‌లో కిందటి నెల ఎన్ని సెక్టార్లు పడ్డాయి?" అని సూటిగా అడగండి. జీతం గురించి మొహమాటపడేవాళ్లు కూడా ఈ ప్రశ్నకు మనసు విప్పి చెబుతారు. నాకు ఒక అక్క ఫోనులో తన రోస్టర్ మొత్తం చదివి వినిపించారు. రోజుకు నాలుగు నుంచి ఆరు ల్యాండింగ్‌లు, చాలావరకు పగటిపూటే. అది విన్నాక నాకు వేరే సమాచారం అవసరం లేకపోయింది. విమానం దించడం చేతికి రావాలంటే దించుతూ ఉండాల్సిందే. ఆ అవకాశం ప్రాంతీయ మార్గాల్లో దొరికినంతగా దూర ప్రయాణాల్లో దొరకదు. కెప్టెన్ కావడానికి అవసరమైన ఏటీపీఎల్ లైసెన్సుకు కావలసిన 1,500 గంటలు కూడా అలాగే కూడుతాయి.

ఇక బాండు, అంటే గడువుకు ముందే మానేస్తే సంస్థకు కట్టాల్సిన మొత్తం, విషయం. మొత్తం ఎంత అన్నదానికంటే, మీరు పనిచేసిన ప్రతి ఏడాదికీ అది తగ్గుతుందా, చివరి రోజు వరకు పూర్తిగా అలాగే ఉంటుందా అన్నది చూడండి. లెక్క రిలీజ్ రోజు నుంచి మొదలవుతుందా, చేరిన రోజు నుంచా అన్నది ఇంకా ముఖ్యం. శిక్షణ సమయంలో ఇచ్చేది జీతమా, భృతా, ఏమీ లేదా అని రాతపూర్వకంగా తీసుకోండి. డీజీసీఏ నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగం మానాలంటే ఆరు నెలల నోటీసు, కెప్టెన్ అయితే ఏడాది నోటీసు ఇవ్వాలి. ముందు ఎక్కడో ఒకచోట చేరి ఆర్నెల్లలో మారిపోదాం అనే ఆలోచన ఈ లెక్కలో నిలవదు. మొదటి రెండేళ్లకు జీతంలో తేడాను నేను పట్టించుకోలేదు. ఇంటి అప్పు వాయిదా కట్టగలనా లేదా అన్నంతవరకే చూసుకున్నాను.

ఇక సెలక్షన్ చదువు. డీజీసీఏ పరీక్షకు చదివిన నావిగేషన్, మెటియోరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ మళ్లీ మొదటి నుంచి చివరి వరకు చదవడం నాకు నచ్చని పద్ధతి. సంస్థ వెళ్లే విమానాశ్రయాల చుట్టూ ఆ సబ్జెక్టులను అల్లుకున్నాను. ఉదాహరణకు మే నెలలో గన్నవరం. రన్‌వే దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది, ఎండ 43 డిగ్రీలు. ప్రామాణిక ఉష్ణోగ్రత 15 కంటే 28 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున వేస్తే, గాలి సాంద్రత 3,300 అడుగుల పైన ఉన్నట్టు ఉంటుంది. ఇప్పుడు టేకాఫ్ దూరం ఏమవుతుంది, ఒక ఇంజన్ ఆగితే పైకెక్కే వేగం ఏమవుతుంది, బరువు ఎంత తగ్గించాలి? ఒక్క ఊరు, ఒక్క మధ్యాహ్నం పట్టుకుంటే మెటియోరాలజీ, పెర్ఫార్మెన్స్, టెక్నికల్ మూడూ కలిసొస్తాయి. అదే పద్ధతిలో రాజమండ్రికి వానాకాలం, విశాఖకు తుఫాను రోజులు, తిరుపతికి చుట్టూ ఉన్న కొండలు తీసుకోండి. రోజూ ఉదయం ఈ విమానాశ్రయాల మెటార్ (వాతావరణ నివేదిక) చదివి, ఆ గాలికి ఏ రన్‌వే వాడతారో ముందే అనుకుని సరిచూసుకునేవాణ్ని.

నోటి లెక్కలు నిద్రలో లేపి అడిగినా రావాలి. మూడు డిగ్రీల అవరోహణలో నాటికల్ మైలుకు 300 అడుగులు. కాబట్టి పది మైళ్ల దూరంలో 3,000 అడుగుల ఎత్తు. గ్రౌండ్ స్పీడును అయిదుతో గుణిస్తే దిగాల్సిన వేగం. 120 నాట్లకు నిమిషానికి 600 అడుగులు. గాలి రన్‌వేకు 30 డిగ్రీల పక్క నుంచి 20 నాట్లు వీస్తే పక్కగాలి సగం, పది నాట్లు. కాగితం మీద కాకుండా పైకి చెబుతూ, వీలైతే నడుస్తూ చేయండి. సిమ్యులేటర్ పరీక్షలో చేతులు, కళ్లు, నోరు మూడూ పనిలో ఉంటాయి. అక్కడ ఆటోపైలట్ ఉండకపోవచ్చు, హోల్డింగ్ (ఒకేచోట గాలిలో చుట్లు తిరుగుతూ ఆగడం) ఇస్తారు, ఐఎల్ఎస్ (రేడియో సంకేతాల వెంట రన్‌వేకు దిగడం) చేయమంటారు. పరీక్షకులు చూసేది మీరు దారి తప్పారా అని మాత్రమే కాదు, తప్పినట్టు ఎంత త్వరగా గుర్తించి చెప్పారన్నది కూడా. సైకోమెట్రిక్ పరీక్షకు నమూనాలు కొన్ని చేస్తే చాలు. దాని మీద ఎక్కువ సమయం పెట్టకండి.

ఏటీఆర్ సంస్థకు వెళ్తుంటే ఏటీఆర్ గురించి ముందే తెలిసి ఉండాలని వాళ్లు పట్టుబట్టరు. తెలిసినవాళ్లను మాత్రం వెంటనే గుర్తుపడతారు. ఈ విమానానికి నేల మీద కరెంటు, గాలి అందించే ఏపీయూ లేదు. దానికి బదులు హోటల్ మోడ్ ఉంది. ఎప్పుడైనా ఏటీఆర్ ఎక్కినప్పుడు గమనించండి: ప్రయాణికులు ఎడమవైపు వెనుక తలుపు నుంచి ఎక్కుతుంటారు, కుడి ఇంజను గుయ్యిమంటూ నడుస్తూనే ఉంటుంది, ప్రొపెల్లర్ మాత్రం బ్రేకుతో బిగించినట్టు కదలకుండా ఉంటుంది. ఆ ఇంజనులో ప్రొపెల్లర్‌ను తిప్పే టర్బైన్ వేరు, కంప్రెసర్లను తిప్పే టర్బైన్లు వేరు. అందుకే ఒకటి ఆగి ఉన్నా మరొకటి తిరగగలదు. ఈ ఒక్క సంగతి సరిగ్గా వివరించగలిగితే ఫ్రీ టర్బైన్ అంటే ఏమిటో మీకు నిజంగా అర్థమైందని ఎదుటివాళ్లకు తెలుస్తుంది.

దీనికి తోడు ప్రమాద నివేదికలు చదవండి. కంఠస్థం చేయడానికి కాదు, కాక్‌పిట్‌లో చెయ్యి ఎక్కడికి వెళ్తుందో అర్థం చేసుకోవడానికి. 1994 అక్టోబర్ 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్ 72 రెక్కల మీద మంచు పేరుకుని అదుపు తప్పి కూలింది. 2015 ఫిబ్రవరి 4న తైపీలో ట్రాన్స్ఏషియా ఏటీఆర్‌లో టేకాఫ్ కాగానే రెండో ఇంజను ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయింది, అంటే బ్లేడ్లు గాలికి అంచు చూపేలా తిరిగి విమానాన్ని లాగడం మానేశాయి. సిబ్బంది బాగా పనిచేస్తున్న మొదటి ఇంజను పవర్ తగ్గించి, దాన్నే ఆపేశారు. 2023 జనవరి 15న నేపాల్‌లోని పొఖారాలో యెతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ విమానం దిగబోతుండగా ఫ్లాప్స్ లివరుకు బదులు రెండు ఇంజన్ల ప్రొపెల్లర్లను నియంత్రించే కండిషన్ లివర్లు ఫెదర్ స్థానానికి వెళ్లాయి. విమానంలోని 72 మందీ చనిపోయారు. ఇవి చదివిన రోజున నాకు అన్నం సహించలేదు. ఇంటర్వ్యూలో ఒక కెప్టెన్ గారు అడిగారు: "టేకాఫ్‌లో రెండో ఇంజను టార్క్ (ప్రొపెల్లర్‌ను తిప్పే శక్తి) పడిపోయింది. మీ చెయ్యి ముందు ఎక్కడికి వెళ్తుంది?" "ఏ లివరు మీదికీ వెళ్లదు సార్. ముందు రడ్డర్‌తో దిశ నిలబెడతాను, పైకెక్కే వేగం కాపాడతాను. సురక్షితమైన ఎత్తు వచ్చాక ఏ ఇంజనో ఇద్దరం పైకి చెప్పుకుని, నిర్ధారించుకున్నాకే లివరు ముట్టుకుంటాను" అన్నాను. ఆ తర్వాత సంభాషణ అంతా ఆ నివేదికల మీదే నడిచింది. చివరన మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు రిలీజ్‌కు ఎంత కాలం పడుతోందని అడిగాను. ఆయన దాచకుండా చెప్పారు. నేను చేరడానికి ఆ జవాబు కూడా కారణం.

ఎదురుచూసే కాలంలో కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి. 40 ఏళ్ల లోపువాళ్లకు క్లాస్ 1 మెడికల్ ఏడాదికోసారి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా ఏడాదికోసారి పునరుద్ధరించుకోవాలి. చాలా నియామక ప్రకటనల్లో దరఖాస్తు చేసే రోజుకే ఈ రెండూ అమల్లో ఉండాలన్న షరతు ఉంటుంది. ప్రకటనకూ చివరి తేదీకీ మధ్య గడువు కొద్ది రోజులే. మెడికల్‌కు తేదీ దొరకడం ఆలస్యమవుతుంది కాబట్టి కనీసం రెండు నెలల ముందే దాని పని మొదలుపెట్టండి. లాగ్‌బుక్ గంటలకూ డీజీసీఏ ఆన్‌లైన్ వ్యవస్థ ఈజీసీఏలో ఎక్కించిన గంటలకూ తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.