మా పేట మోడల్ ఎక్కడిదాకా వచ్చిందంటే

మా పేట ఇళ్లూ వీధులూ చిన్న సైజులో చూపించే మోడల్ ఒకటి చేస్తున్నాను, దాని నాలుగు బోర్డుల్లో మూడు అయిపోయాయి. మిగిలింది కాలువ వైపుది, దానికి ఇంకాస్త టైం పడుతుంది, ఎందుకో చివర్లో చెప్తాను. చిన్న చిన్న మోడల్స్ చేసే అలవాటు నాకు ఎప్పట్నుంచో ఉంది, ఈసారి చేస్తున్నది మాత్రం మా పేటలో ఉండేవాళ్లంతా చుట్టూ నిలబడి, చేత్తో ముట్టుకుని, ఎక్కడ ఏం కావాలో పిన్ను గుచ్చి చూపించడానికి. ఈ పద్ధతిని 1970ల్లో ఇంగ్లండ్‌లో టోనీ గిబ్సన్ అనే ఆయన రూపొందించారు, ప్లానింగ్ ఫర్ రియల్ అంటారు. మీటింగ్ పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు, మైకు అందుకున్న నలుగురి మాటే పేట మాట అయిపోతుంది, మిగతావాళ్లు కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోతారు. మోడల్ దగ్గర అందరి చూపూ బల్ల మీదే ఉంటుంది, ఎవరి మొహంలోకీ చూసి వాదించక్కర్లేదు, నోరు విప్పకుండానే చెప్పదలచుకున్నది చెప్పొచ్చు.

స్కేలు 1:300 పెట్టాను, అంటే అసలు కొలతలో మూడొందలో వంతు. ఇలాంటివాటికి 1:200 కూడా వాడతారు, దాంట్లో ఇళ్లు ఇంకా బాగా కనిపిస్తాయి కానీ బోర్డులు మోయలేం. 1:300లో ఒక సుఖం ఉంది: అంతస్తు ఎత్తు సుమారు 3 మీటర్లు అనుకుంటే మోడల్‌లో సరిగ్గా 1 సెం.మీ. అవుతుంది. అంటే 1 సెం.మీ. మందం ఫోమ్ (థర్మాకోల్ లాంటిది) షీటు తెచ్చుకుని, రెండంతస్తుల ఇంటికి రెండు ముక్కలు, నాలుగంతస్తులకి నాలుగు ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోవడమే. కొలతలు తీయక్కర్లేదు, వీధిలో నడుస్తూ అంతస్తులు లెక్కపెట్టుకుంటే చాలు. ఒక్కో బోర్డు 60 సెం.మీ. చదరం, అంటే ఒక్కోదాంట్లో 180 మీటర్లు పొడవు, 180 మీటర్లు వెడల్పు ఉన్న స్థలం పడుతుంది. ఒక్క మనిషి చంకలో పెట్టుకుని నడవగలిగే సైజు అది. నాలుగూ కలిపినా మధ్యలో ఉన్న ఇంటికి ఏ వైపు నుంచైనా చెయ్యి అందుతుంది.

అడుగున మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ నుంచి తీసుకున్నాను. రోడ్లు బాగానే ఉన్నాయి, ఇళ్ల అవుట్‌లైన్లు చాలాచోట్ల లేవు, శాటిలైట్ ఫోటో మీద గీసుకోవాల్సి వచ్చింది. ప్రింట్ తీసేటప్పుడు ఫిట్ టు పేజ్ అనే ఆప్షన్ తీసేయండి, లేకపోతే కాగితానికి సరిపోయేలా ప్రింటరే స్కేలు మార్చేస్తుంది. మ్యాప్ మీద 30 మీటర్ల గీత ఒకటి గీసి పెట్టుకోండి, ప్రింట్ అయ్యాక రూలర్ పెట్టి కొలిస్తే అది 10 సెం.మీ. రావాలి. ఇక జిగురు సంగతి. ఫోమ్ మీద ఘాటు వాసన వచ్చే సాల్వెంట్ గమ్ పూస్తే కరిగిపోతుంది, స్ప్రే పెయింట్ కూడా అంతే. తెల్ల జిగురు, నీళ్లలో కలిసే రంగులు మాత్రమే వాడాలి. రెండు ఫోమ్ ముక్కల మధ్య తెల్ల జిగురు త్వరగా ఆరదు, గాలి తగలదు కదా, పైన పుస్తకాల బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. బేస్‌కి కనీసం రెండు సెం.మీ. మందం ఫోమ్ ఉంటే పిన్నులు నిలబడతాయి.

ఇళ్లన్నీ తెల్లగా వదిలేశాను, కిటికీలు లేవు, తలుపులు లేవు. మోడల్స్ చేసేవాళ్లకి ఇది కష్టమైన పనే, చెయ్యి ఊరుకోదు. కానీ మరీ నీటుగా ఉన్న మోడల్‌ని జనం ముట్టుకోరు, దూరం నుంచి చూసి బాగుంది అని వెళ్లిపోతారు. అసంపూర్తిగా ఉంటే ఏదో ఒకటి కలపాలనిపిస్తుంది. పక్కన రంగులు, బ్రష్షులు పెట్టి ఎవరి ఇంటికి వాళ్లని రంగు వేసుకోమంటే, వచ్చినవాళ్లు ముందు తమ ఇల్లు వెతుక్కుంటారు, రంగు వేస్తారు, ఆ తర్వాతే వీధి గురించి మాట్లాడతారు. పిల్లలైతే నేను పెట్టని చెట్లు కూడా గుర్తు చేశారు, స్పాంజి ముక్కలు వాళ్లే కత్తిరించి అతికించారు.

బల్ల ఎక్కడ వేయాలన్నది మోడల్ ఎంత బాగా చేశామన్న దానికంటే ముఖ్యం. హాల్లో పెట్టి రమ్మంటే వచ్చేవాళ్లే వస్తారు. మేం బడి వదిలే టైంకి గేటు బయట, సాయంత్రం బస్టాపు దగ్గర, సెలవు రోజు పొద్దున పార్కు ముందు వేశాం. కుర్చీలు వేయలేదు, కూర్చుంటే మళ్లీ మీటింగ్ అయిపోతుంది. బల్ల ఎత్తు 75 సెం.మీ. దాటనివ్వలేదు, పిల్లలకీ వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకీ అందాలి కాబట్టి. పిన్నుల మీద చిన్న రంగు జెండాలు: వెలుతురుకి పసుపు, చెట్లకి ఆకుపచ్చ, నీళ్లు నిలిచే చోటుకి నీలం, నడవడానికి ఇబ్బందికి ఎరుపు. తెల్ల జెండాలు ఖాళీగా ఉంచాం, మేం ఊహించనివి రాసుకోవడానికి. ఎక్కువ ఉపయోగపడినవి అవే.

అందరికంటే వెనకాడింది అద్దెకున్నవాళ్లు. "మేం అద్దెకుంటున్నాం, మాకెందుకులెండి" అని పక్కనుంచి వెళ్లిపోతారు. ఆ వీధిలో రోజూ నడిచేది, చీకట్లో ఇంటికి చేరేది వాళ్లు కూడా కదా. ఇప్పుడు బల్ల దగ్గర నిలబడే మా వాళ్లందరికీ చెప్పాను, ఇల్లు ఎక్కడ అని అడగొద్దు, రోజూ ఏ దారిన వెళ్తారు అని అడగండి అని. ఈ ఒక్క మార్పుతో చాలామంది ఆగుతున్నారు.

పిన్నుల్ని ఓట్లలా లెక్కపెట్టకూడదు, ఇది నేను గట్టిగా చెప్తాను. బడి దగ్గర బల్ల వేస్తే బడి చుట్టూ పిన్నులు పడతాయి, ఒక్కరే గుప్పెడు గుచ్చి వెళ్లొచ్చు. అందుకే ఒక్కో పిన్నుకి నంబరిచ్చి, గుచ్చినవాళ్లు చెప్పిన మాట ఉన్నదున్నట్టు నోట్‌బుక్‌లో రాస్తున్నాం. పేర్లు రాయం, ఏ వీధి, సుమారు వయసు, ఆడా మగా, అంతే. దాంతో ఇంకా ఎవరు రాలేదో తెలుస్తుంది. బల్ల మడిచేముందు పైనుంచి ఒక ఫోటో తీయడం తప్పనిసరి, పిన్నులు దారిలో ఊడిపోతాయి.

ఒక పెద్దావిడ, మీటింగుల్లో ఎప్పుడూ మాట్లాడగా చూడలేదు, పార్కు వెనక మలుపులో పసుపు జెండా గుచ్చి, "ఇక్కడ దీపం లేదు బాబూ, రాత్రిపూట గోడ పట్టుకుని నడుస్తాను" అన్నారు. చీకటి పడ్డాక ఆవిడతో కలిసి కొంతమందిమి అక్కడికి వెళ్లి చూశాం. స్తంభం ఉంది, లైటు వెలుగుతూనే ఉంది, చెట్టు కొమ్మ ఒకటి దాన్ని పూర్తిగా కప్పేసింది, వెలుతురంతా ఆకుల మీదే పడుతోంది. కావాల్సింది కొత్త స్తంభం కాదు, ఒక్క కొమ్మ కొట్టించడం. బల్ల దగ్గరే లెక్కలు కట్టి ఉత్తరం రాసి ఉంటే కొత్త లైటు కావాలని అడిగేవాళ్లం, అది ఎప్పటికి వచ్చేదో. అందుకే ఇప్పుడు ప్రతి పిన్నునీ దాన్ని గుచ్చిన మనిషితో కలిసి, వాళ్లు ఇబ్బంది పడే టైంలోనే వెళ్లి చూస్తున్నాం.

చూసొచ్చిన పిన్నుల్ని ఒక చార్టు మీదకి మారుస్తాం. అడ్డంగా ఇప్పుడే, త్వరలో, తర్వాత. నిలువుగా మనమే చేసుకోగలం, సాయం కావాలి, ఆఫీసువాళ్లే చేయాలి. కొమ్మ పని "ఇప్పుడే, సాయం కావాలి" గడిలో పడింది, అనుమతి అడిగి కొట్టించాం.

జనాన్ని పిలిచి అడిగినంత మాత్రాన వాళ్ల చేతికి ఏమీ వచ్చినట్టు కాదు. 1969లో షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికా ఆవిడ, నిర్ణయాల్లో జనానికి ఎంత పాత్ర ఉందో చూపే ఎనిమిది మెట్ల నిచ్చెన ఒకటి గీశారు, అందులో అభిప్రాయం అడగడం నాలుగో మెట్టే, నిర్ణయంలో భాగం దొరికేది ఆరో మెట్టు నుంచి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో 1989 నుంచి నగర బడ్జెట్‌లో కొంత ఎక్కడ ఖర్చుపెట్టాలో జనమే సభల్లో తేల్చారు. మాకు ఆ అధికారం లేదు. కాబట్టి చార్టు పక్కనే పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం: ఏది మన చేతిలో ఉంది, ఏది లేదు. అడిగి కుదరదనిపించుకున్నవి కూడా కారణంతో సహా అక్కడే ఉంటాయి. అడిగినవాళ్లకి జవాబు చేరకపోతే రెండోసారి ఎవరూ బల్ల దగ్గరికి రారు.

ఇక నాలుగో బోర్డు. కాలువ వైపు నేల వాలుగా ఉంటుంది, నీలం జెండాలు ఎక్కువ పడేది అక్కడే అనిపిస్తోంది, చదునుగా చేస్తే నీళ్లు ఎటు పోతాయో కనిపించదు. 2 మి.మీ. అట్టను పొరలు పొరలుగా అతికిస్తున్నాను, ఈ స్కేలులో ఒక్కో పొర 60 సెం.మీ. ఎత్తుతో సమానం. ఏ పొర ఎక్కడ ఆగాలో మ్యాప్ చెప్పదు, వాన పడినప్పుడు నీళ్లు ఏ గడప దాకా వచ్చాయో అక్కడుండేవాళ్లే చెప్పాలి. వచ్చే సెలవు రోజు ఆ బోర్డును సగంలోనే తీసుకెళ్లి వాళ్ల వీధి మొదట్లో పెడుతున్నాం, అట్ట, కత్తెర, జిగురు అన్నీ పక్కనే ఉంటాయి, మిగతా పొరలు వాళ్లే కోస్తారు.